ఇల్లు విడిచిన పనిమనిషిపై పరారీ కేసు

ప్రశ్న: ఇంటిపని వీసాపై కువైట్ వెళ్లిన మా చెల్లెలు, జీతం ఇవ్వకపోవడంతో ఆ ఇల్లు విడిచి వేరేచోట పనిచేస్తోంది. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంది. తనిఖీలంటే భయపడుతోంది. ఎలా రప్పించాలి? – ఒక సోదరుడు, జగిత్యాల జిల్లా

జవాబు: ఆమె భయం సహేతుకమే. ఇంటిపనికి ఇచ్చే 20వ నంబరు వీసా యజమానితో ముడిపడి ఉంటుంది కాబట్టి, జీతం ఎగ్గొట్టింది అతడే అయినా, అతడు పరారీ ఫిర్యాదు చేస్తే మనవాళ్లు ‘ఖల్లివెల్లి’ అని పిలిచే అక్రమ నివాసుల్లో ఆమే చేరుతుంది. దొరికితే నిర్బంధించి, వేలిముద్రలు తీసుకుని, మళ్లీ రాకుండా పంపించివేస్తారు. పనిమనిషి అంగీకారం లేకుండా పాస్‌పోర్టు ఉంచుకోరాదని కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతున్నా, ఆ నిబంధనను పాటించే ఇళ్లెన్ని?

2024లో అక్కడ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇలాంటివారు జరిమానా లేకుండా తిరిగి రాగలిగారు. మరోసారి ప్రకటిస్తారని ఎదురుచూడకుండా, ఆమెను నేరుగా భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించమనండి. పాస్‌పోర్టు లేకున్నా స్వదేశానికి ఒక్కసారి ప్రయాణించేందుకు ఎమర్జెన్సీ సర్టిఫికెట్, అంటే మనవాళ్లు చెప్పే ఔట్‌పాస్, అక్కడే ఇస్తారు. అయితే యజమాని పరారీ కేసు పెట్టి ఉంటే, అది తేలకుండా ఔట్‌పాస్ ఒక్కటే చాలదు. మీరు ఇక్కడినుంచి ఆమె పాస్‌పోర్టు, వీసా నకళ్లు, యజమాని ఫోన్ నంబరు జతచేసి విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. వలస కార్మికుల కుటుంబాల ఫిర్యాదులు తీసుకునే హైదరాబాద్ ప్రజాభవన్‌లోని ప్రవాసీ ప్రజావాణిలోనూ అర్జీ ఇవ్వండి. ఆమెను పంపిన ఏజెంటు ఎవరైనా ఉండి మళ్లీ డబ్బు అడిగితే మాత్రం ఇవ్వకండి.