స్టెరాయిడ్ల కాలం నాటి హోమ్ రన్ వీరులకి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటివ్వాలా?

హాల్ ఆఫ్ ఫేమ్ అంటే బేస్‌బాల్ దిగ్గజాలకి దక్కే శాశ్వత గౌరవం. హోమ్ రన్లు, అంటే బంతిని మైదానం అవతలికి కొట్టడంలో పేరుమోసి, స్టెరాయిడ్ల మచ్చ పడ్డ బాండ్స్, మెక్‌గ్వైర్, సోసా ముగ్గురినీ ఒకే గాటన కట్టి అడిగారు, నాకు పేచీ అక్కడే. బారీ బాండ్స్‌కి ఇచ్చి తీరాలి. మిగతా ఇద్దరి సంగతి తర్వాత చెప్తాను.

ఉద్యోగం కోసం బే ఏరియాకి వచ్చినప్పుడు నాకు బేస్‌బాల్ గురించి ఒక్క ముక్క తెలియదు. 2004 వేసవిలో ఆఫీసులో ఎవరికో కుదరక బాండ్స్ ఆడే శాన్ ఫ్రాన్సిస్కో జట్టు జెయింట్స్ మ్యాచ్ టికెట్ నాకు అంటగట్టారు. పక్క సీట్లో ఒక పెద్దావిడ, ఒళ్ళో సంచి, సంచి నిండా పసుపుపచ్చ రబ్బరు కోళ్ళు. ఈవిడకేమైనా తేడానా అనుకున్నాను. ఇంతలో బాండ్స్ బ్యాటింగ్‌కి వచ్చాడు, స్టేడియమంతా లేచి నిలబడింది, అవతల క్యాచర్ కూడా లేచి చెయ్యి పక్కకి చాపాడు. పిచ్చర్, అంటే బంతి వేసేవాడు, నాలుగు బంతులు బ్యాటుకి అందనంత దూరంగా, చంటిపిల్లాడికి క్యాచ్ నేర్పుతున్నట్టు మెల్లగా వేశాడు. అలా నాలుగు పడితే బ్యాటర్ కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కి వెళ్ళొచ్చు. నీతో మాకెందుకొచ్చిన గొడవ, ఊరికే ఫస్ట్ బేస్‌కి వెళ్ళిపో నాయనా అని. జనం ఒకటే గోల. బాండ్స్ మొహంలో మాత్రం చిరాకు కూడా లేదు, మోచేతికి ఉన్న ఆ పెద్ద కవచాన్ని తీరిగ్గా విప్పి బ్యాట్ బాయ్ చేతిలో పెట్టి నడుచుకుంటూ పోయాడు. పెద్దావిడ సంచిలోంచి ఒక కోడిని తీసి రెయిలింగ్‌కి వేలాడదీసింది. పిరికి పిచ్చర్లని అలా వెక్కిరిస్తారట.

ఆ ఒక్క సీజన్‌లో అతన్ని కావాలని అలా పంపేసింది 120 సార్లు. నలభై ఏళ్ళ మనిషిని! 1998లో అయితే బేస్‌లన్నీ నిండి ఉన్నా, ఒక పరుగు చేజేతులా వదులుకుని మరీ పంపేశారు అరిజోనా వాళ్ళు. ఒక బ్యాటర్ గొప్పతనానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలో నాకు అర్థం కాదు. (ఇప్పుడు ఆ నాలుగు బంతులు కూడా వేయరు, 2017 నుంచి సైగ చేస్తే చాలు. టైమ్ ఆదా అట. గార్లిక్ ఫ్రైస్ లైన్లో రెండు ఇన్నింగ్స్ పోగొట్టుకుంటున్న మాకు ఆ నిమిషం ఎవడు అడిగాడండీ?)

స్టెరాయిడ్లు వాడాడు కదా అంటారు. వాడే ఉంటాడు, నేనేం వెనకేసుకు రావటం లేదు. కానీ అతన్ని తిట్టేవాళ్ళు కూడా అదంతా 1998 తర్వాతే మొదలైందంటారు. అప్పటికే అతని ఖాతాలో 411 హోమ్ రన్లు, పిచ్చర్ కళ్ళుగప్పి పరుగెత్తి దొంగిలించిన బేస్‌లు 445, మూడు ఎంవీపీలు (సీజన్ మేటి ఆటగాడి అవార్డు), ఎనిమిది గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్ అవార్డు). అక్కడితో ఆట మానేసి ఇంటికెళ్ళినా హాల్‌లో చోటు ఖాయం. పైగా పట్టుబడితే శిక్ష అనే రూలు వచ్చిందే 2004లో. రూలు వచ్చాక దొరికిపోయిన మానీ రమిరెజ్, ఏ-రాడ్ (అలెక్స్ రోడ్రిగెజ్) లాంటి బ్యాటర్లు వేరు. వాళ్ళకి నేనూ ఓటెయ్యను. స్టెరాయిడ్ల విషయంలో బాండ్స్‌ని లీగ్ ఒక్క రోజు కూడా సస్పెండ్ చేయలేదు.

ఇంకా మండే విషయం, ఆ కాలమంతా లీగ్‌ని నడిపే కమిషనర్ కుర్చీలో కూర్చుని హోమ్ రన్లకి జనం వస్తుంటే చూస్తూ ఊరుకున్న బడ్ సీలిగ్‌కి 2017లో హాల్‌లో ఫలకం పెట్టేశారు. దుకాణం యజమానికి దండ, పనివాడికి గెంటివేత.

హాల్‌లోకి వెళ్ళాలంటే బేస్‌బాల్ విలేకరుల ఓటింగులో 75 శాతం రావాలి. బాండ్స్ పదో ఏడు, అంటే ఆఖరి అవకాశం, 2022. 66 శాతం దగ్గర ఆగిపోయాడు. అదే ఏడు ఇంకో హోమ్ రన్ వీరుడు డేవిడ్ ఆర్టిజ్ మొదటి ప్రయత్నంలోనే లోపలికెళ్ళాడు. 2003 డ్రగ్ పరీక్షల్లో దొరికినవాళ్ళలో ఆర్టిజ్ పేరూ ఉందని పేపర్లో వచ్చింది, ఆ ఫలితాలు నమ్మదగ్గవి కాకపోవచ్చని సీలిగ్ తర్వాత వచ్చిన కమిషనరే స్వయంగా సర్ది చెప్పాడు. నవ్వు మొహం ఉంటే అన్నీ చెల్లుతాయి, విలేకరులని కసురుకుంటే చెల్లవు. నా లెక్కలో అసలు కారణం ఇదే.

విలేకరుల ఓటింగులో గట్టెక్కనివాళ్ళని మళ్ళీ చూసే కమిటీ ఒకటుంది, అది 2025 డిసెంబరులో కూర్చుంది. జెయింట్స్‌లో బాండ్స్ పక్కన ఆడిన జెఫ్ కెంట్‌కి 16లో 14 ఓట్లు, బాండ్స్‌కి అయిదు కూడా రాలేదు. కెంట్ మంచి ఆటగాడే, కాదనను. కానీ బాండ్స్‌ని చూసి వణికిన పిచ్చర్ల బంతులు కెంట్‌కి ఎన్ని దొరికాయో ఆ కమిటీ వాళ్ళకి తెలియదా?

ఇక మెక్‌గ్వైర్. 583 హోమ్ రన్లు, కెరీర్ మొత్తం మీద హిట్లు 1626. హోమ్ రన్లు తీసేస్తే ఏం మిగులుతుంది? నేనైతే వద్దంటాను. సోసా మూడు సీజన్లలో 60 హోమ్ రన్లు దాటాడు, ఆ మూడేళ్ళలో ఒక్కసారి కూడా లీగ్‌లో మొదటి స్థానం అతనిది కాదు. రెండుసార్లు మెక్‌గ్వైర్, మూడోసారి 73 కొట్టి బాండ్స్. సోసా మీద మాత్రం మీతో వాదించే ఓపిక నాకు లేదు, మీరు ఓటేస్తానంటే వేసుకోండి.