ఎండ ముదరకముందే

ప్రశ్న: మాది శ్రీకాకుళం పట్టణంలో మేడ మీద అద్దె వాటా. పెరడు లేదు గానీ ముందు చిన్న డాబా ఉంది. అబ్బాయి పదో తరగతి పరీక్షల వల్ల మార్చి నెలలో ఊరు కదలలేము. ఇంటిపట్టున ఉంటూనే వసంతాన్ని అనుభవించే మార్గాలు చెప్పగలరా?
- ఒక గృహిణి, శ్రీకాకుళం

జవాబు: చెప్పగలనమ్మా, కాకపోతే ముందుగా వేళల సంగతి మాట్లాడుకోవాలి. పంచాంగం వసంతానికి చైత్ర వైశాఖాలు రెండింటినీ కేటాయించినా, మన తీరప్రాంతంలో వైశాఖం వచ్చేసరికే ఉక్కపోత ఇల్లంతా ఆక్రమిస్తుంది కాబట్టి, మనకు నిజంగా దక్కే వసంతం ఫాల్గుణం చివరి రోజుల నుంచి చైత్రం సగం వరకేనని నా లెక్క. ఆ రోజుల్లో కూడా తెల్లవారుజామున మొదలుకొని ఎనిమిదింటి వరకు, మళ్ళీ సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక చీకటి పడే వరకు ఉండే సమయమే ఆనందానికి అనువైనది. మీ డాబాను ఆ రెండు వేళలకూ కేటాయించండి. అబ్బాయిని తెల్లవారుజామున చదువుకు లేపుతారు కదా, ఆ చదువు గదిలో కాకుండా డాబా మీదే సాగేలా చూడండి.

కోకిల కూత వినబడేది సరిగ్గా ఆ వేళకే. మనం పాట అనుకొనే ఆ కూత మగపక్షిది. నల్లని ఒళ్ళు, ఎర్రని కళ్ళు గల ఆ పక్షి ఆకుల మాటునే ఉంటుంది గనుక కంటపడడం అరుదు. ఆడకోకిల గోధుమరంగు ఒంటి మీద తెల్లచుక్కలతో ఉండి, పాట ఎరగని గొంతుతో కిక్ కిక్ మంటుంది. అది కాకి గూట్లో గుడ్లు పెడుతుంది కాబట్టి, ఈ రోజుల్లో కాకులు కోకిలను తరుముతూ కనిపిస్తే అందుకు కారణముందని పిల్లలకు చూపించవచ్చు.

ఇక వంటింటి విషయానికి వస్తే, వేపపువ్వును ఉగాది పచ్చడికి చిటికెడు తెచ్చి వదిలేయడం నాకు నచ్చదు. ఇంటికి దగ్గర్లో వేపచెట్టు ఉంటే రాత్రి దాని కింద పాత చీర పరచి, తెల్లవారాక రాలిన పువ్వును ఏరి, ఈనెలు తీసేసి, నీడలో గలగలలాడే వరకు ఆరబెట్టి సీసాకెత్తుకోండి. నేతిలో దోరగా వేయించి, ఉప్పు కలిపి, వేడి అన్నంలో మొదటి ముద్దగా పెడితే, చేదంటే ముఖం తిప్పుకొనే పిల్లలు సైతం ఒకటి రెండు పూటలకు అలవాటుపడతారు. అదే పువ్వుతో చారు కాచుకుంటే ఆ రోజు కూర తక్కువైనా ఎవరూ అడగరు.

పలాస, ఉద్దానం వైపు తోటల నుంచి వచ్చే పచ్చి జీడిపప్పు కూడా ఈ రోజుల భాగ్యమే. ఎండు పప్పుకు లేని పాలరుచి దానికి ఉంటుంది. లేత వంకాయలతో కలిపి, మసాలా వేయకుండా, కొంచెం పచ్చిమిర్చి, కొత్తిమీరతో కూర చేయండి. అయితే పిక్కలు కొని ఇంట్లో కొట్టుకోవాలన్న సరదా మాత్రం వద్దు. వాటి పెంకులోని జీడి చర్మాన్ని కాల్చి నల్లని మచ్చలు చేస్తుంది. ఒలిచిన పప్పునే కొనుక్కోవడం మంచిది.

మల్లెకు పెరడు అక్కరలేదు. కాస్త పెద్ద కుండీలో పెట్టి, రోజంతా ఎండ తగిలేచోట ఉంచితే చాలు. నీడలో పెట్టిన మల్లె ఆకులు వేస్తుందే తప్ప మొగ్గ తొడగదు. ఈ ఏడు మొగ్గలున్న మొక్కనే కొనుక్కొని, పూతకాలం ముగిశాక కొమ్మలు కత్తిరించండి.

ప్రశ్న: మేము విజయనగరంలో ఉంటాము. డెబ్బై దాటిన మా అత్తమామలను, ఇద్దరు పిల్లలను తీసుకొని మార్చిలో ఒక శని, ఆదివారాలు శ్రీకాకుళం వైపు వెళ్ళాలనుకుంటున్నాము. అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం, శ్రీముఖలింగం, తేలినీలాపురం అన్నీ చూసిరాగలమా?
- ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: కారులో తిరిగితే చూడగలరేమో గానీ, చూసినట్టు మీకెవరికీ గుర్తుండదు. పెద్దవాళ్ళకు కారులో ఎక్కడం దిగడమే మిగులుతుంది. నా మాట విని ఆ జాబితాలో నాలుగింటిని ఉంచుకోండి. వంశధార ఎగువన ఉన్న శ్రీముఖలింగం కళింగ గాంగుల నాటి శిల్పసంపద గల క్షేత్రం. మధుకేశ్వరాలయపు గోడల ముందు ఒక పూటంతా నిలబడదగిన చోటు కాబట్టి దానికి వేరుగా ఒక రోజు ఇవ్వడమే గౌరవం. తేలినీలాపురం టెక్కలి వైపు ఉంది. దానిని గురించి కింద మరొకరు అడిగారు.

శనివారం మధ్యాహ్నం భోజనాలు చేసి బయలుదేరితే పొద్దు వాలకముందే శ్రీకాకుళం చేరుకోవచ్చు. రైలులో వచ్చేవారు శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉందనీ, అక్కడి నుంచి పట్టణానికి మళ్ళీ బస్సో ఆటోనో ఎక్కాలనీ గుర్తుంచుకోవాలి. ఆ సాయంత్రానికి ఏ దర్శనమూ పెట్టుకోకండి. రాత్రి పెందలాడే పడుకొంటే ఆదివారం సూర్యోదయానికి అరసవల్లిలో ఉండగలుగుతారు. ఏటా మార్చి రెండో వారం ప్రాంతంలోను, అక్టోబరు మొదటి రోజుల్లోను ఉదయపు కిరణాలు గర్భగుడిలోని సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ రోజుల్లోనే వెళ్ళాలని మీ మామగారు పట్టుపడితే జనసమ్మర్దానికి సిద్ధపడండి. మబ్బు పడితే కిరణాలు రావు. ఆదివారం ఎటూ స్వామికి ప్రీతికరమైన వారం గనుక, మామూలు ఆదివారాల్లో కూడా రద్దీ ఉంటుంది.

అక్కడి నుంచి శ్రీకూర్మం దగ్గరే. విష్ణువు కూర్మరూపంలో పూజలందుకొనే ఈ ఆలయంలో మూలమూర్తి పడమర ముఖంగా ఉండడం, రెండు ధ్వజస్తంభాలు ఉండడం విశేషాలు. పిల్లలకు మాత్రం ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్ళే పెద్ద విశేషమవుతాయి, వారిని తొందరపెట్టకండి. ఫాల్గుణ పూర్ణిమకు ఇక్కడ డోలోత్సవం జరుగుతుంది. అది చూడాలన్న కోరిక ఉంటే పెద్దలను ఇంటి వద్ద ఉంచి మీరు వెళ్ళిరావడం మేలు.

పదకొండు దాటాక బస చేరి, పెరుగన్నం తిని, కునుకు తీయండి. ఈ విరామాన్ని వృథా అనుకొని ఎండలో మరో గుడి చేర్చుకొన్న ప్రయాణాలు తలనొప్పులతో ముగియడం నేను చాలా చూశాను. మూడున్నర తరువాత శాలిహుండం వెళ్ళండి. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ మీద ఇటుకలతో కట్టిన స్తూపాలు, చైత్యాలు, విహారాల శిథిలాలు ఉన్నాయి. వ్యావహారిక భాషోద్యమానికి పెట్టింది పేరైన గిడుగు రామమూర్తి పంతులుగారే 1919లో ఈ చోటును గుర్తించి లోకానికి తెలియజేశారంటే పిల్లలకు ఆసక్తి పుడుతుంది. కొండ ఎత్తు తక్కువే అయినా మోకాళ్ళ నొప్పులున్నవారికి ఎక్కడం కష్టం. అత్తగారు కింద నీడలో కూర్చుంటానంటే బలవంతపెట్టకండి. పై నుంచి నది సముద్రం వైపు సాగడం చూసి, ఆ నదినే అనుసరిస్తున్నట్టుగా కళింగపట్నం వెళితే, వంశధార సముద్రంలో కలిసే చోటికి పొద్దు గూకకముందే చేరతారు. ఒకప్పటి ఈ రేవులో దీపస్తంభం ఉంది, పొడవైన ఇసుక తీరం ఉంది. పిల్లలను అంచున కాళ్ళు తడుపుకోనివ్వండి గానీ, స్నానాలకు మాత్రం దిగనివ్వకండి. నది కలిసేచోట అడుగున లాగే ప్రవాహం పైకి కనబడదు. చపాతీలో, పులిహోరో ఇంటి నుంచే తెచ్చుకొంటే అక్కడే తిని, చీకటి పడ్డాక తీరుబడిగా తిరుగుముఖం పట్టవచ్చు.

ప్రశ్న: పిల్లలకు పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో తేలినీలాపురం పక్షులను చూపించవచ్చా? - పలాస పాఠకురాలు

జవాబు: ఆలస్యమవుతుంది. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు ప్రాంతంలో అక్కడికి చేరి, ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలు ఎగరడం నేర్చాక మార్చి, ఏప్రిల్ నాటికి వెళ్ళిపోతాయి. ఏప్రిల్‌లో మీరు వెళ్ళేసరికి ఖాళీ కొమ్మలే ఎదురుకావచ్చు. దానికి బదులు బారువ తీరాన అటవీశాఖవారు సంరక్షించే ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలను సముద్రంలోకి విడిచే రోజు ముందుగా కనుక్కోండి. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది గనుక, చలికాలం చివర పెట్టిన గుడ్ల నుంచి పిల్లలు మార్చి, ఏప్రిల్ నెలల్లో బయటికి వస్తాయి. ఫోన్ దీపాలు వేయకుండా దూరంగా నిలబడి చూడాలని పిల్లలకు ముందే చెప్పండి. అవి వెలుగు వైపు నడిచే జీవాలు, మన దీపాన్ని చూసి దారి తప్పుతాయి.

ప్రశ్న: ఉగాదికి భీమాళి వెళ్ళి కొత్త మామిడి తాండ్ర తెచ్చుకోవచ్చా? - శృంగవరపుకోట పాఠకుడు

జవాబు: ఉగాదికి దొరికేది నిరుటిదే. మామిడి పండి, రసం తీసి, చాపల మీద పొర మీద పొరగా పోస్తూ ఎండబెట్టాలంటే మంచి ఎండలు కావాలి. మే నెల దాటాక వెళ్ళండి. అప్పటికి మీరు అడిగినది నిజంగా కొత్తదే అవుతుంది.