ఓపిక పట్టమనాలా, మానేయమనాలా?

ప్రశ్న: మా అబ్బాయి చదువు పూర్తయ్యాక ఏడాదిన్నర క్రితం ఒక ప్రైవేటు కంపెనీలో చేరాడు. ఉదయం వెళితే రాత్రి ఎప్పుడొస్తాడో తెలియదు. సెలవు రోజున కూడా ఫోన్ మోగితే చాలు, మొహం మాడిపోతుంది. తను చేసిన పనికి మేనేజర్ పేరు కొట్టేస్తున్నాడని, తనకన్నా తక్కువ చేసేవాళ్లకు హైక్ ఎక్కువ వచ్చిందని బాధపడుతున్నాడు. మానేస్తానంటున్నాడు. నేను ముప్పై ఏళ్లు ఒకేచోట పనిచేసినవాణ్ణి. ఎక్కడైనా ఇంతే, ఓపిక పట్టమన్నాను. అప్పట్నుంచీ నాతో మాట్లాడటమే తగ్గించేశాడు. ఈ తరానికి ఓర్పు తక్కువా? నేను వాడికి ఏం చెప్పాలి? - ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరంలో రెండు బాధలు కలిసిపోయి ఉన్నాయండి. పని ఎక్కువగా ఉండటం ఒకటి. చేసిన పని తన లెక్కలోకి రాకపోవడం ఇంకొకటి. మీరు చెప్పిన ఓపిక మొదటిదానికి కొంతవరకు పనికొస్తుంది. రెండోదానికి అసలు పనికిరాదు. మీవాడు ముడుచుకుపోయింది అక్కడే అనుకుంటున్నాను.

ముందు ఓర్పు సంగతి. మీరు ఉద్యోగం చేసిన రోజుల్లో కూడా పెత్తనం చేసే అధికారులు ఉండే ఉంటారు, పక్షపాతమూ ఉండే ఉంటుంది. కానీ సాయంత్రం గేటు దాటాక ఆఫీసు మిమ్మల్ని వెతుక్కుంటూ ఇంటికి వచ్చేది కాదు. ఇప్పుడు అది జేబులోనే ఉంటుంది. పని వేళలు అయ్యాక ఉద్యోగి ఫోన్‌కు, మెయిల్‌కు దూరంగా ఉండే హక్కు కోసం ఫ్రాన్స్ 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 నుంచి చట్టమే అమలు చేస్తున్నాయి. కుర్రాళ్లకు ఓపిక లేకపోవడమే అసలు కారణమైతే ప్రభుత్వాలకు ఇంత శ్రమ ఎందుకు?

పని గంటల గొడవా కొత్తదేం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో పుట్టగానే చేసిన మొట్టమొదటి ఒప్పందం దీని మీదే. పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని అందులో రాశారు. ఆ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రకటించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువట. వారానికి ఆరు రోజులనుకుంటే, రోజుకు తొమ్మిది గంటలు దాటితే 55కి చేరినట్టే. రాత్రి ఎప్పుడొస్తాడో తెలియదన్నారు కదా, మీవాడి గంటలు ఎంతవుతున్నాయో ఒకసారి కూర్చుని లెక్కేయండి.

అయితే గంటలొక్కటే చూస్తే విషయం సగమే తెలుస్తుంది. పన్నెండు గంటలు పనిచేసి హుషారుగా ఇంటికొచ్చేవాళ్లున్నారు, ఎనిమిది గంటలకే పీల్చి పిప్పయిపోయేవాళ్లూ ఉన్నారు. దీన్ని చాలాకాలంగా పరిశోధిస్తున్నారు. పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, దాన్ని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ లేనిచోట మనిషి ఎక్కువ నలుగుతాడని రాబర్ట్ కారాసెక్ అనే పరిశోధకుడు 1979లో చెప్పారు. పెట్టిన శ్రమకు తగినట్టు జీతం, గుర్తింపు, భద్రత తిరిగి రానప్పుడు ఆరోగ్యం దెబ్బతింటుందని జోహానెస్ సీగ్రిస్ట్ అనే మరో పరిశోధకుడు 1996లో ఒక నమూనా ఇచ్చారు. మీ అబ్బాయి బాధ అచ్చంగా ఈ రెండో రకం. దీనికి ‘ఇంకొంచెం కష్టపడు’ అనడం పుండు మీద కారం చల్లడమే. తిరిగి రానిదానికి ఇంకా ఎక్కువ పెట్టమన్నట్టు అవుతుంది.

అలాగని వాడు చెప్పిన ప్రతిదీ అన్యాయమేనని నేను అనను. హైక్ విషయంలో పక్కవాడి పని మనకు సగమే కనిపిస్తుంది. మనం చూడని బాధ్యత ఏదో వాడు మోస్తుండవచ్చు, చేరినప్పుడే వాడి జీతం తక్కువై ఇప్పుడు సరిచేసి ఉండవచ్చు. పనికి వేరేవాళ్లు పేరు పెట్టుకోవడం మాత్రం అలాంటిది కాదు. అది పదేపదే జరుగుతుంటే తేలిగ్గా తీసుకోవద్దు.

అందుకని రాజీనామా మాట పక్కనపెట్టి, నాలుగు వారాలు ఒక చిన్న నోట్‌బుక్ రాయమనండి. ఏ రోజు ఎన్నింటికి బయటపడ్డాడు, పని వేళలు దాటాక ఎవరు ఫోన్ చేశారు, ఏం అడిగారు, అది నిజంగా ఆ రాత్రికే కావాల్సినదా అన్నవి రాస్తే చాలు. రాత్రి పదింటికి ‘అర్జెంట్’ అని అడిగి చేయించుకున్న ఫైలును మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరూ తెరవలేదనుకోండి, అదీ రాయాలి. నెల తిరిగేసరికి ఒత్తిడి నెలాఖరుకే పరిమితమా, ఏడాది పొడుగునా ఇంతేనా అన్నది తెలుస్తుంది. ఒక్కోసారి ఇబ్బంది పెట్టే సంగతి కూడా బయటపడుతుంది. ఎవరూ అడగకపోయినా మీవాడే మొహమాటానికి ఒప్పుకుని నెత్తిన వేసుకున్న పనులు అందులో ఉండవచ్చు. ఉంటే మంచిదే, అవి వాడి చేతిలో ఉన్నవి.

తర్వాత మేనేజర్‌తో మాట్లాడాలి. ‘నా పనికి మీరు పేరు పెట్టుకుంటున్నారు’ అంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. పని ముగిశాక ఒక మెయిల్ పెట్టమనండి: ‘గత మూడు నెలల రిపోర్టులు నేను తయారుచేశాను. వచ్చే నెల నుంచి మీటింగ్‌లో వాటిని నేనే వివరించే అవకాశం ఇవ్వగలరా? వచ్చే అప్రైజల్‌లో నా పనిని దేని ఆధారంగా చూస్తారో కూడా చెబితే సిద్ధమవుతాను.’ ఇందులో నింద లేదు, కానీ ఎవరు చేశారో రాతపూర్వకంగా ఉంది. సరేనంటే ఉండటానికి ఒక కారణం దొరికినట్టు. దాటవేస్తే ఇంకొకసారి గుర్తు చేయాలి, పై అధికారినో హెచ్ఆర్‌నో కలవాలి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఇక అక్కడ ఓపిక పట్టడంలో అర్థం లేదు. వేరేచోట వెతుక్కోమని మీరే చెప్పండి.

ఇక్కడ మీవాడికి కూడా ఒక మాట. కోపంలో రాజీనామా విసిరికొట్టే వీడియోలు ఫోన్‌లో బోలెడు తిరుగుతుంటాయి. చూడటానికి బాగుంటాయి. ఆ తర్వాతి నెల అద్దె ఎవరు కట్టారో అందులో చూపించరు. ఉద్యోగంలో ఉండగానే ఇంకోటి వెతుక్కోవడం మేలు, బేరమాడే బలం ఉంటుంది. ఒక్క సందర్భంలో మాత్రం ఈ సలహా నేనే వద్దంటాను. నిద్ర పట్టకపోవడం, ఎంత విశ్రాంతి తీసుకున్నా తేరుకోలేని నీరసం, పనంటేనే విరక్తి, ఇదివరకు చిటికెలో చేసినవి ఇప్పుడు చేతకాకపోవడం కనిపిస్తే ముందు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. పనిచేసే చోటి దీర్ఘకాలిక ఒత్తిడి వల్ల వచ్చే ఇలాంటి స్థితినే బర్నవుట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన సమస్యగా నిర్వచించింది. అలాంటప్పుడు సెలవు పెట్టించడమో, చేతిలో వేరే ఉద్యోగం లేకున్నా మానిపించడమో తప్పు కాదు. కొన్ని నెలలు ఇల్లు మీరు చూసుకోగలరా అన్నది అప్పుడు మీరు ఆలోచించాల్సిన విషయం.

కొత్తచోట ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు వాడూ నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది? ఇంతకుముందు చేసినవాళ్లు ఎంతకాలం ఉన్నారు? పని వేళలు అయ్యాక ఫోన్లు ఏ సందర్భంలో వస్తాయి? హైక్ ఎవరు నిర్ణయిస్తారు? జవాబు కన్నా ముందు, చెప్పేవాళ్లు తడబడుతున్నారా అన్నది చూడాలి. ‘మేమంతా ఒకే కుటుంబం’ అని మొదలుపెడితే ఇంకాస్త జాగ్రత్తగా వినమనండి, కుటుంబంలో నోటీసు పీరియడ్ ఉండదు. వీలైతే అక్కడ పనిచేసి బయటికొచ్చినవాళ్లు ఒకరిద్దరితో మాట్లాడాలి. నా లెక్కలో అన్నిటికన్నా నమ్మదగిన సమాచారం అదే.

ఇంతకీ మీరేం చెప్పాలని అడిగారు. ఈ వారం ఏమీ చెప్పకండి. ‘మేనేజర్ నీ పేరు తీసేసిన ఆ రిపోర్టు సంగతి ఏమిటి, చెప్పు’ అని అడిగి, మధ్యలో మీ ముప్పై ఏళ్ల అనుభవం తేకుండా పూర్తిగా వినండి. మీ అనుభవం అక్కర్లేదని కాదు, రాజీనామా రాసే ముందు అదే కావాలి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు ఎన్ని రోజులు, బాండ్ ఏమైనా ఉందా, మిగిలిన సెలవులకు డబ్బు ఇస్తారా, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఎప్పుడు చేతికొస్తుంది అన్నవి కోపంలో ఉన్న కుర్రాడు చదవడు. ఆ కాగితాలు మీరు పక్కన కూర్చుని చదివి పెట్టండి.