టెక్ సందేహాలు: పూతరేకుల పెట్టె మీద సన్నని అక్షరాలు

ప్రశ్న: మాది ఆత్రేయపురం. పూతరేకుల పెట్టెకి పక్క అంచు సన్నగా ఉంటుంది. ‘బెల్లం డ్రైఫ్రూట్ పూతరేకులు’ అని ఒకే వరుసలో పట్టాలి. డీటీపీలో అడ్డంగా నొక్కి పట్టించారు గానీ అక్షరాలు కోడిగుడ్లలా వచ్చాయి. ఇంగ్లిష్‌లో సన్నగా, కొసలు గుండ్రంగా ఉండే ఫాంట్లు ఉంటాయి కదా, తెలుగులో అలా ఎలా తెచ్చుకోవాలి?

జవాబు: ముందు ఆ నొక్కడం మాన్పించండి. అక్షరాన్ని అడ్డంగా నొక్కితే నిలువు గీతలు పలచబడతాయి, అడ్డగీతలు మాత్రం పాత మందంతోనే ఉంటాయి. గుండ్రని కొస కూడా సాగిపోతుంది. పుట్టుకతోనే సన్నగా గీసిన ఫాంట్‌లో ఈ లెక్క అంతా డిజైనర్ ముందే సరిచేసి ఉంటాడు.

గూగుల్ ఫాంట్స్‌లో ‘అనేక్ తెలుగు’ ఉచితంగా దొరుకుతుంది. మామూలు వెడల్పుని 100 అనుకుంటే, దాన్ని 75 నుంచి 125 దాకా మార్చుకోవచ్చు. డౌన్‌లోడ్ చేశాక పేరులో ‘కండెన్స్‌డ్’ (అంటే సన్నది) అని ఉన్న ఫైలు వాడండి. కొసలు మెత్తబడాలంటే అదే రంగుతో పలచని ఔట్‌లైన్ ఇచ్చి, మూలలకి ‘రౌండ్’ ఎంచుకోండి. ఔట్‌లైన్ వల్ల అక్షరం లావెక్కి లోపలి ఖాళీలు పూడిపోతాయి కాబట్టి బోల్డ్ బదులు మీడియంతో మొదలుపెట్టండి. పక్కన ఇంగ్లిష్ పేరుకి ‘డోసిస్’ బాగా కలుస్తుంది. అదీ ఉచితమే, కొసలు గుండ్రంగానే ఉంటాయి.

మీ పేరులో అసలు చిక్కు ‘డ్రైఫ్రూట్’. రెండు క్రావడులు (ర ఒత్తులు), ఐత్వంలో కింది భాగం అన్నీ కిందే చేరతాయి. చోటు కోసం అక్షరాల మధ్య దూరం తగ్గిస్తే అవి ఒకదాన్నొకటి తాకుతాయి. దూరం తగ్గించొద్దు, కావాలంటే సైజు కాస్త తగ్గించండి.

గుండ్రని కొసలు అందం కోసమే కాదు. అట్ట మీద సిరా కాస్త పాకుతుంది, అప్పుడు కోసైన మూలలే ముందు చెదురుతాయి. స్టిక్కర్ కోయించినా అంతే, కోసుగా ఉన్న మూల దగ్గరే ముందు లేస్తుంది. పైగా నోట్లో పెడితే కరిగిపోయే పూతరేకుకి మొనదేలిన అక్షరం నప్పదని నా అభిప్రాయం.

ఒక్క జాగ్రత్త. ఈ సన్న ఫాంట్ పేరుకే ఉంచండి. తయారీ తేదీ, పదార్థాల వివరాలకి వద్దు. చిన్న సైజులో ప-ఫ, చ-ఛ తేడా పోతుంది. అక్కడ మామూలు వెడల్పే వాడండి. అసలు సైజులో ఒక కాగితం ప్రింట్ తీసి పెట్టెకి అంటించి, రావులపాలెంలో హైవే పక్క కొట్టు ముందు బస్సు దిగిన మనిషి నిలబడేంత దూరం నుంచి చదివి చూడండి.

ప్రశ్న: పాలకొల్లు నుంచి. ఫోటోషాప్‌లో ‘అనేక్ తెలుగు’ ఫాంట్ వేస్తే ఒత్తులు విడిపోతున్నాయి.

జవాబు: ఫాంట్ తప్పు కాదండి. కొన్ని వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఉంటుంది, అది ఎంచుకోండి. ఇంకా పాత వెర్షన్లలో అది ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అని కనిపిస్తుంది. తర్వాత కొత్త ఫైల్ తెరిచి మళ్లీ టైప్ చేయండి. ప్రెస్సుకి పంపే ముందు అక్షరాల్ని షేప్‌గా మార్చండి, అక్కడి కంప్యూటర్‌లో ఈ ఫాంట్ లేకపోయినా మీ ఒత్తులు చెదరవు.