టేబుల్ ఫ్యాన్ సంగతి

బుజ్జీ,

స్కూటర్ బ్యాటరీకి ఎంత కరెంట్ ఎక్కుతోందో కొలిచే బోర్డు నువ్వే చేస్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత సోల్డరింగ్ ఐరన్ పట్టింది నువ్వే. సంతోషమే, కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

ముందు గాజులు, ఉంగరం తీసేయ్. బ్యాటరీ రెండు టెర్మినల్స్ మధ్య ఉంగరం పడిందంటే వేలు కాలుతుంది. ఫ్యూజు లేకుండా వైరు కలిపావని తెలిస్తే గిండీ హాస్టల్‌కే వచ్చి తిడతా.

షంట్, అంటే కరెంట్ కొలవడానికి దాని దారిలో పెట్టే చిన్న రెసిస్టర్, మైనస్ వైపు పెట్టు. నీది 48 వోల్టులు, షంట్ మీది చిన్న వోల్టేజీని పెంచే ఎల్‌ఎం358 చిప్ అయితే 32 దాటితే తట్టుకోదు. కొలిచే వైర్లు షంట్ కాళ్ల దగ్గరే అతికించు. సరుకంతా చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది.

ఆ చిప్ బదులు ముందు రెండు ట్రాన్సిస్టర్లతోనే చేసి చూస్తావట. పెరంబూరు షాపులో నేనూ అదే చేశా. 12 వోల్టుల బ్యాటరీ, లోడ్‌గా 60 వాట్ల హెడ్‌లైట్ బల్బు. 5 ఆంపియర్లకు షంట్ మీద 50 మిల్లీవోల్టులు. మీటర్ ముల్లు ఊగుతూనే ఉంది. సర్దుబాటు చేసే చిన్న రెసిస్టర్, ప్రీసెట్ తిప్పా, సోల్డర్ మళ్లీ వేశా. చివరికి బల్ల కదిలిస్తున్నావంటూ పనికుర్రాణ్ణి కస్టమర్ల ముందే తిట్టా. వాడు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ముల్లు ఊగుతూనే ఉంది. అప్పుడే కరెంట్ పోయింది, టేబుల్ ఫ్యాన్ ఆగింది. బ్యాటరీ మీద బల్బు వెలుగుతూనే ఉంది, ముల్లు మాత్రం ఊగడం మానేసి మెల్లగా ఓ పక్కకు జరగసాగింది. ఒక ట్రాన్సిస్టర్‌ని షంట్‌కి ఆనించి పెట్టాను, షంట్ వేడికి ఆ ట్రాన్సిస్టర్ వేడెక్కుతోంది. ఫ్యాన్ ఇటు తిరిగినప్పుడల్లా చల్లబడుతోంది. వేడెక్కితే ట్రాన్సిస్టర్ రెండు కాళ్ల మధ్య ఉండే బేస్-ఎమిటర్ వోల్టేజ్ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. షంట్ మీద ఆంపియర్‌కి 10 మిల్లీవోల్టులే కదా, రెండు ట్రాన్సిస్టర్ల మధ్య ఒక్క డిగ్రీ తేడా వస్తే 0.2 ఆంపియర్ల అబద్ధం. ఆ కుర్రాడు మర్నాటి నుంచి రాలేదు. పిలవడానికి మొహం చెల్లలేదు.

రెండు ట్రాన్సిస్టర్లనూ ముఖాముఖి అతికించి, షంట్‌కి దూరంగా పెట్టు. తర్వాత ఎల్‌ఎం358 వేసినా దాన్ని గుడ్డిగా నమ్మకు. అసలు కరెంట్ లేనప్పుడే కొన్ని మిల్లీవోల్టుల తేడా చూపించొచ్చు, సున్నా దగ్గరి ఆ తేడా ముందు రాసుకో.

హాస్టల్ తిండి తిని చిక్కిపోయావట. ఆదివారం బోర్డు తీసుకుని రా. అత్తయ్య పులిహోర చేస్తానంది. ఆ ఫ్యాన్ ఇంకా తిరుగుతోంది, దాని ముందే పెట్టి చూద్దాం.

మామయ్య