ఆస్తి మాట దినాల దాకా ఆగొద్దు

మీరు అడిగింది ఇది. నాన్నకు 67 ఏళ్లు, పరకాల దగ్గర ఊళ్లో నాలుగెకరాల పొలం, ఒక ఇల్లు. తమ్ముడు ఊళ్లోనే ఎవుసం చేస్తున్నాడు. మీకు 34, పెండ్లయింది, హైదరాబాద్‌లో ఉద్యోగం. వీలునామా మాట ఎత్తితే అమ్మ ఏడ్చింది. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి, మీ వయసులో మీరేం చూసుకోవాలి అని.

నేను నర్సంపేట వైపు రైతు కుటుంబంలో పెద్ద బిడ్డను, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నా. మా బాపు ఏ కాగితమూ రాయకుండానే పోయాడు. ఆ తర్వాత జరిగినవన్నీ దగ్గరుండి చూశాను కాబట్టి, సొంత చెల్లె అనుకుని చెప్తున్నా.

మీ అమ్మ ఏడ్చిందంటే అర్థం చేసుకోండి. వీలునామా అనగానే ఆమెకు కనిపించింది మీ నాన్న లేని ఇల్లు. కానీ ఆ కన్నీళ్లు చూసి మాట ఆపేయకండి. మన దగ్గర ఆస్తి మాటలు ఎప్పుడొస్తాయో మీకు తెలుసు. పదకొండో రోజు, భోజనాలయ్యాక, టెంటు విప్పకముందే. చుట్టాలున్నారు, పెద్దమనుషులున్నారు, మళ్లీ అందరూ ఒకచోట చేరేదెప్పుడో అని అప్పుడే తేల్చేస్తారు. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న ఆడబిడ్డ ముందు కాగితం పెడితే ఆమె చదువుతుందా? చదివినా కాదనలేదు. కాదంటే రేపు ఒడిబియ్యం పోసేదెవరు, సద్దుల బతుకమ్మకు రమ్మని ఫోన్ చేసేదెవరు? మా చెల్లె నాతో అన్న మాట ఇప్పటికీ నొప్పిగా ఉంటుంది: "అక్కా, భూమి పోతే పోనీ, తల్లిగారింటి తొవ్వ మూసుకుపోవద్దు." మా తమ్ముళ్లు చెడ్డవాళ్లు కాదు. వాళ్లు చూసిన పద్ధతి అదొక్కటే. ఏ ఆడబిడ్డా భూమి, తల్లిగారిల్లు రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సిన పరిస్థితి రాకూడదని నేను గట్టిగా నమ్ముతాను. బాపు ఉన్నప్పుడే ఆయన నోటితో చెప్పి ఉంటే ఎవరూ ఎవరి మొహం చూసి మొహమాటపడే పని ఉండేది కాదు.

చట్టం సంగతి కొంచెం తెలుసుకుని కూర్చోండి. మీ నాలుగెకరాలు తాత నుంచి వచ్చినవా, నాన్న కొన్నవా అన్నది మొదటి ప్రశ్న. పిత్రార్జితమైతే 2005 సెప్టెంబర్ 9 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్టం సవరణ ప్రకారం బిడ్డకూ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని మరింత స్పష్టం చేసింది. కట్నం ఇచ్చాం కదా, పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా అన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. అలాంటి భూమిలో నాన్న తన వాటా వరకే వీలునామా రాయగలడు. ఆయన స్వార్జితమైతే ఎవరికైనా రాసుకోవచ్చు. ఏమీ రాయకుండా పోతే భార్య, కొడుకులు, బిడ్డలు, ఆయన తల్లి బతికి ఉంటే ఆమె, అందరికీ సమాన వాటాలు. నానమ్మ వాటాను మా ఊళ్లో దాదాపు అందరూ మర్చిపోతారు. తెలంగాణ కొత్త భూ రికార్డుల చట్టం భూ భారతి వచ్చాక విరాసత్, అంటే వారసుల పేరిట పట్టా మార్పు, చేయాలంటే తహసీల్దార్ వారసులకు నోటీసులిచ్చి విచారణ చేయాలి కాబట్టి, ఒకరికి తెలియకుండా ఒకరు చేయించుకుందామనే ఆలోచన ఎవరికున్నా మానుకోవడం మంచిది.

ఇక మాట మొదలుపెట్టడం. వీలునామా అనే మాటే వద్దు. నోట్‌బుక్ ఒకటి కొనుక్కెళ్లి, "నాన్నా, మనకు రావాల్సినవి, ఇవ్వాల్సినవి ఒకచోట రాసుకుందాం" అనండి. రైతులకు లెక్క రాయడం అంటే భయం ఉండదు. మా అమ్మతో నేను అలాగే మొదలుపెట్టాను. బాపు పోయాక మేం ఎక్కువ తిప్పలు పడింది భూమి కోసం కాదు, ఈ లెక్కల కోసమే. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన డబ్బు కొంత అడ్తి దుకాణంలోనే ఉంచాడు, ఎంతో మాకు తెలియదు. ఊళ్లో మిత్తికి ఇచ్చిన ప్రోనోట్లు బియ్యం డబ్బాలో దొరికాయి. ప్రోనోటు గడువు 3 ఏళ్లే, అప్పటికే కొన్నింటికి దాటిపోయింది. అమ్మ పుస్తెలతాడు బ్యాంకులో గోల్డ్ లోన్‌లో ఉందని మాకు నోటీసు వచ్చాకే తెలిసింది. మన ఓరుగల్లులో చిట్టీ లేని ఇల్లు తక్కువ కాబట్టి, వేస్తున్న చిట్టీలతో పాటు నాన్న ఎవరికైనా హామీ సంతకం పెట్టాడేమో అదీ రాయండి. ఇంకో మాట, తండ్రి చేసిన అప్పుకు పిల్లలు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. ఎవరైనా ఇంటి మీదికొచ్చి గొడవ చేస్తే టెన్షన్ పడకుండా ఈ మాట గుర్తుంచుకోండి. పొలంలో ఏదైనా ముక్క సాదా బైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద, కొన్నదే ఉంటే, అమ్మినవాళ్లు ఎవరో, సాక్షులెవరో నాన్నకే గుర్తుంటుంది. అది అన్నింటికంటే ముందు రాయించండి.

ఆ నోట్‌బుక్ పూర్తయ్యేసరికి ఎవరికేం ఇవ్వాలన్న మాట నాన్న నోటి నుంచే వస్తుంది. అప్పుడు దసరాకో సంక్రాంతికో అందరూ ఊళ్లో ఉన్నప్పుడు మీ మేనమామను పిలిచి కూర్చోండి. అమ్మకు అన్న మీద ధైర్యం, నాన్నకు బావమరిది మాట మీద గౌరవం ఉంటాయి. మొదటిసారి మాత్రం అల్లుడిని, కోడలిని కూర్చోబెట్టకండి. మీ ఆయన ఎంత మంచివాడైనా, ఆయన అక్కడుంటే మీ తమ్ముడికి ఆ మాట వేరేగా వినిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయంలో మీ నాన్నకు గట్టిగా చెప్పండి. బతికుండగానే మొత్తం కొడుకు పేరిట గిఫ్ట్ డీడ్ చేసేయడం మన ఊళ్లల్లో మామూలైపోయింది. తర్వాత ముసలితనంలో మందులకు చేయి చాచిన వాళ్లను నేను చూశాను. వీలునామా అయితే ఆయన ఉన్నన్నాళ్లూ ఆస్తి ఆయనదే, మనసు మారితే మళ్లీ రాసుకోవచ్చు. ఎవరి తర్వాత ఎవరికో, అమ్మ బతికినంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెదేనని కూడా అందులో రాయొచ్చు. స్టాంపు పేపర్ అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించండి, తర్వాత అనుమానాలు తగ్గుతాయి. సాక్షులుగా వాటా రాని వాళ్లను, నాన్న కంటే వయసులో చిన్నవాళ్లను పెట్టండి. గిఫ్టే ఇస్తానంటే, తల్లిదండ్రుల పోషణ షరతు అందులో స్పష్టంగా రాయించాలి. ఆ షరతు తప్పితే 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గరికి వెళ్లి గిఫ్ట్ రద్దు కోరవచ్చు.

తమ్ముడి సంగతి చిన్నదే. ఆయన పేరిట ఎంతో కొంత భూమి, పాస్ పుస్తకం ఉంటే రైతు బీమా ఉందో లేదో, నామినీ ఎవరో చూసుకోమనండి. అది 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకే.

మీ విషయానికొస్తే, ఉద్యోగంలో చేరినప్పుడు పీఎఫ్‌లో అమ్మానాన్నల పేరు రాసి ఉంటారు. పెండ్లితో ఆ నామినేషన్ చెల్లకుండా పోతుంది, కొత్తది పెట్టండి. బ్యాంకు ఖాతాకు 2025 నవంబర్ నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. కానీ బ్యాంకులో నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకు అప్పగించాల్సిన మనిషి మాత్రమే, యజమాని కాదు. ఇంకొకటి, చాలామంది ఆడవాళ్లకు తెలియనిది: మీరు సొంత జీతంతో ప్లాటు కొని వీలునామా రాయకపోతే, భర్త, పిల్లలు లేని పరిస్థితి వస్తే అది ముందు మీ భర్త తరఫు వారసులకు పోతుంది. మీ అమ్మానాన్నల వంతు ఆ తర్వాతే. కాబట్టి 34లోనే మీరూ ఒక పేజీ వీలునామా రాసుకోండి. అమ్మకు చూపించి "నేనూ రాసుకున్నా" అనండి, సగం భయం అక్కడే పోతుంది. మా అమ్మ రాయడానికి ఒప్పుకున్నది నాది చూశాకే.

రాసిన అసలు కాపీ బీరువాలో దాచి తాళం ఒకరికే ఇవ్వకండి. రిజిస్టర్ అయిన వీలునామా జిరాక్స్ మీ దగ్గరొకటి, తమ్ముడి దగ్గరొకటి, మేనమామ దగ్గరొకటి ఉంచండి.