పరీక్ష తర్వాత, పాలసీ ముందు

ప్రశ్న: మాది అనంతపురం. పాతూరులో బట్టల కొట్టు నాది, వయసు 34. మా ఆవిడ ప్రభుత్వ టీచరు, పాపకు ఆరేళ్లు. మా నాన్న 52 ఏళ్లకు, మేనత్త 44 ఏళ్లకు కడుపు క్యాన్సర్‌తో పోయారు. ఇప్పుడు మా అన్నకు, 39 ఏళ్లకే, బెంగళూరులో అదే తేలింది. డిఫ్యూజ్ రకమట, అంటే గడ్డలా కాకుండా కడుపు గోడలో పరచుకునేదట. ఇంట్లోవాళ్లు జన్యు పరీక్ష చేయించుకోవాలని డాక్టరు చెప్పారు. అది చేయిస్తే ఇన్సూరెన్స్ ఎవరూ ఇవ్వరని, నాన్న సంగతి ఫారంలో రాయనే వద్దని ఏజెంటు అంటున్నాడు. 8 లక్షల ఎఫ్‌డీ, రాప్తాడు దగ్గర 5 సెంట్ల స్థలం ఉన్నాయి. స్థలం అమ్మేయమంటారా?

జవాబు: స్థలం జోలికి పోకండి. గాబరాలో అమ్మితే కొనేవాడు చెప్పిందే రేటు.

ముందు ఏజెంటు సంగతి. ఫారంలో తల్లిదండ్రులకు, తోబుట్టువులకు క్యాన్సర్ ఉందా అని అడుగుతారు. ఉందని రాయండి. డాక్టరు ఏదైనా పరీక్ష చెప్పారా అని ఉంటే అదీ రాయండి. హెల్త్ పాలసీ 60 నెలలు ఆగకుండా నడిచాక పాత వివరాలు తవ్వి క్లెయిమ్ ఎగ్గొట్టడానికి లేదు, నిజమే. కానీ మోసం రుజువైతే ఆ రక్షణ పోతుంది. ఏజెంటుకు కమీషన్ ఇప్పుడే వస్తుంది. క్లెయిమ్ రోజున ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడేది మాత్రం మీ ఆవిడ.

ఎవరూ ఇవ్వరన్నదీ పూర్తి నిజం కాదు. జన్యు వ్యాధులను హెల్త్ పాలసీలోంచి మినహాయించకూడదని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది. కాకపోతే కొత్తగా తీసుకునేటప్పుడు ప్రీమియం పెంచొచ్చు, వద్దనీ అనొచ్చు. అందుకే మీ జన్యు పరీక్షకు ముందే, ఉన్న నిజమంతా రాసి, హెల్త్ పాలసీకీ, మీరు పోతే ఇంటికి డబ్బిచ్చే టర్మ్ పాలసీకీ అప్లై చేయండి. ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీ. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

మీరు మరిచిపోయిన ఆస్తి ఒకటుంది. మీ ఆవిడ టీచరు కదా, ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం (ఈహెచ్ఎస్) కార్డులో భర్తకూ పిల్లలకూ చోటుంటుంది. మీ పేరు ఉందో లేదో ఈ రోజే చూడండి. లేకపోతే ఎక్కించండి. మీకు వీలయ్యే ఏ ఆసుపత్రులు ఆ జాబితాలో ఉన్నాయో కూడా తెలుసుకోండి.

ఇక పరీక్ష. ఇందులో వరస తప్పితే డబ్బు వృథా. ముందు చేయించాల్సింది మీ అన్నకు, మీకు కాదు. ఈ రకం వంశంలో నడిస్తే, ఎక్కువగా కారణమయ్యే జన్యువు సీడీహెచ్‌1. 1998లో న్యూజిలాండ్‌లో తరతరాలుగా కడుపు క్యాన్సర్‌తో నలిగిపోయిన ఒక మావోరీ (అక్కడి మూలవాసుల) కుటుంబంలో దీని జాడ పట్టారు. అన్నలో లోపం దొరికితే, మీలో ఆ ఒక్కదాన్నే వెతికితే చాలు, ఖర్చు బాగా తగ్గుతుంది. అప్పుడు మీకు ఉండే అవకాశం సగానికి సగం. అన్నలో ఏమీ దొరకకపోతే, మీ రిపోర్టులో ‘లేదు’ అని వచ్చినా గుండె మీద చెయ్యేసుకోవడానికి పనికిరాదు. పరీక్ష ఖర్చుకు పాలసీలు సాధారణంగా డబ్బివ్వవు కాబట్టి, వదిన చేతిలో లేకపోతే మీ ఎఫ్‌డీలోంచి ఇవ్వండి. అది మీ కోసం పెట్టే ఖర్చే. పాపకు పరీక్ష ఇప్పుడు వద్దు, పెద్దయ్యాక చూసుకోవచ్చు. కడుపులో చేరి క్యాన్సర్ ముప్పు పెంచే హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమికి పరీక్ష మాత్రం ఆగనక్కర్లేదు. ఒకే ఇంట్లో పెరిగినవాళ్లలో ఆ క్రిమి తరచూ ఒకరి నుంచి ఒకరికి వస్తుంది, సాధారణంగా మందులతో పోతుంది.

పాజిటివ్ వస్తే? ఈ రకం కడుపు పొర కింద నక్కి పెరుగుతుంది, ఎండోస్కోపీకి ఒక్కోసారి చిక్కదు. అందుకే జబ్బు రాకముందే కడుపు మొత్తం తీసేయించుకోమని డాక్టర్లు సలహా ఇవ్వొచ్చు. నిర్ణయం మీది, వాళ్లది. నా పని దాని లెక్క. ‘రాని జబ్బుకు ఆపరేషన్’ అని బీమా కంపెనీ మెలిక పెట్టొచ్చు కాబట్టి ముందస్తు అనుమతి రాతలో తీసుకోండి. పెద్ద జబ్బు తేలితే ఒకేసారి డబ్బిచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీని దీనికి నమ్ముకోవద్దు, అది క్యాన్సర్ తేలితేనే ఇస్తుంది, మరీ తొలి దశలోదైతే సాధారణంగా అదీ ఉండదు. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు మీరు కొట్లో కూర్చోలేరు. కొద్దికొద్దిగా రోజుకు ఆరేడు సార్లు తినాలి, బి12 ఇంజెక్షన్లు జీవితాంతం ఉంటాయి. ఆపరేషన్ బిల్లు కన్నా, గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చుంటారన్నదే మీకు పెద్ద ఖర్చు. అందుకే ఎఫ్‌డీలో 5 లక్షలు కదపకండి. కొట్టు లెక్కలు, సరుకు ఇచ్చే హోల్‌సేలర్ల వివరాలు మీ ఆవిడకు ఇప్పటినుంచే అలవాటు చేయండి.

ఈ వారం అన్న బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ నకళ్లు తీసుకోండి. వదినను అడగడానికి మీకు మొహమాటమైతే, మీ ఆవిడను పంపండి.